పులికి పేరు పెట్టిన సుంకమ్మ

లైటు తీసెయ్యవే లల్లీ. ఆ పుస్తకం కూడా పక్కన పెట్టు, బొమ్మలు పొద్దున చూసుకోవచ్చు. జున్నూ, నువ్విటు జరుగు. అబ్బ, నీ కాళ్ళేంటే ఇంత చల్లగా ఉన్నాయి?

ఏమడిగావ్? పులిని పులి అని ఎందుకంటారనా? బాగుందే ప్రశ్న. మీ తాతయ్యనడిగుంటే వ్యాఘ్రమనీ శార్దూలమనీ మొదలెట్టి, వ్యాఘ్రమంటే వాసన బాగా పట్టేదని అర్థమనీ, తెల్లారేదాకా చెప్పేవారు. నాకంత చదువెక్కడిది? నాకొచ్చింది మా నాయనమ్మ చెప్పిన కథొక్కటే. అది నిజమా అబద్ధమా అని అడక్కూడదు. ఊ కొట్టాలి, అంతే. మీ ఊ ఎక్కడాగితే నా కథ అక్కడాగుతుంది.

అనగనగా ఓ కొండ, ఆ కొండ వెనక ఇంకో కొండ, ఆ వెనక కొండ కాళ్ళ దగ్గర అడివి, ఆ అడివి అంచున మద్దులపెంట అని ఓ ఊరు. ఊరంటే ఎంతనుకున్నారు, ముప్పై గుడిసెలు. ఊరి చుట్టూ ఆడ మనిషి ఎత్తున ముళ్ళకంప. పొద్దు గుంకితే ఆ కంప మూసేసేవాళ్ళు, గుడిసె తలుపులు మూసేసేవాళ్ళు, నోళ్ళు కూడా మూసేసేవాళ్ళు.

ఆ రోజుల్లో అడివిలో అన్నిటికీ పేర్లుండేవి. కోతికి పేరుంది, కొండముచ్చుకి పేరుంది. కుందేలుకి పేరుంది, కణుజుకి పేరుంది. ఎలుగ్గొడ్డుకి పేరుంది, ఏదుపందికి పేరుంది. ఆకు కింద పాకే గండుచీమక్కూడా పేరుంది. ఒక్కదానికే లేదు. ఎందుకు లేదంటారు? పేరు పెట్టాలంటే ముందు చూడాలి కదా. దాన్ని చూసినవాళ్ళెవరూ పేరు పెట్టడానికి మిగల్లేదు మరి.

అందుకని జనం దాన్ని 'అది' అనేవాళ్ళు. అది వచ్చింది. అది పోయింది. అది తీసుకుపోయింది. అంతే మాట.

ఊ కొడుతున్నారా? ఆ. ఇంకాస్త గట్టిగా.

దానికి పేరు లేదు కదా, అందుకని పేర్ల మీద తెగ ఆశ దానికి. ఎవర్ని తింటే వాళ్ళ పేరు తను తీసుకునేది. పేరుతో పాటు గొంతు వచ్చేది. గొంతుతో పాటు వాళ్ళ మనసులో ఉన్న మాటలన్నీ వచ్చేసేవి. ఇక ఆ మర్నాడు, సందె చీకట్లు పడేవేళ, కంప ఏ సందులోంచి దూరేదో తెలీదు, మెత్తగా, మెత్తగా, అడుగుల చప్పుడు లేకుండా వచ్చి ఆ పోయినవాళ్ళ గుడిసె ముందు నిలబడేది. "నేనమ్మా, ఎంగళప్పని. తలుపు తియ్యి" అని పిలిచేది. అచ్చం ఎంగళప్ప గొంతే. ఆ దగ్గూ అదే, ఆ నవ్వూ అదే. లోపలున్న తల్లి మనసాగక, "వచ్చినావా ఎంగళప్పా, రా నాయనా" అందనుకో, ఇక అంతే. పిలవని గడప అది తొక్కేది కాదు. పిలిచారంటే ఆగేది కాదు. పొద్దున చూస్తే గుడిసె తలుపు బార్లా తెరిచుండేది, లోపలెవరూ ఉండేవాళ్ళు కాదు.

అట్లా ఒకరా ఇద్దరా? ఇక ఊళ్ళోవాళ్ళు ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. పేర్లుంటేనే కదా అది తీసుకుపోయేది, అసలు పేర్లే వద్దు అనుకున్నారు. ఉన్న పేర్లు పలకడం మానేశారు. పుట్టినవాళ్ళకి పేర్లు పెట్టడం మానేశారు. మూలింటామె, బావికాడాయన, నల్లోడు, పొట్టిది. ఇవే పిలుపులు. పిల్లలైతే పెద్దది, నడిపిది, చిన్నది. ఊయల్లో బిడ్డని వేసి జోల పాడితే ఆ పాటలో బిడ్డ పేరుండేది కాదు. ఎంత దిగులుగా ఉంటుందో చూడండి, పేరు లేని జోలపాట.

అదుగో, ఆ ఊరికి కోడలిగా వచ్చింది సుంకమ్మ.

సుంకమ్మది కింద మైదానంలో తుమ్మలూరు. గలగలా మాట్లాడే మనిషి. వాళ్ళూళ్ళో పొలానికి పోయినా, బావికి పోయినా, వాళ్ళమ్మ మిద్దెక్కి "ఓ సుంకమ్మా..." అని సాగదీసి పిలిస్తే చెరుకుతోట అవతలికి వినబడేది. అంత పిలుపు విని పెరిగిన పిల్ల. పెళ్ళయింది, మొగుడు ఈరన్న వెంట బండి దిగి అత్తింటి గడప ముందు నిలబడింది. మనలో గడప దగ్గర పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఆపి పేర్లు చెప్పమంటారు కదా, ఆడబిడ్డలు చేతులడ్డం పెట్టి. సుంకమ్మ అదే అనుకుని, తలొంచుకుని, సిగ్గుపడి, మెల్లిగా నోరు తెరిచింది. అంతలో వాళ్ళత్త గురవమ్మ ఒక్క అంగలో వచ్చి చేత్తో ఆ పిల్ల నోరు మూసేసింది.

పేరు ఊరి పొలిమేర దగ్గరే విడిచేసి రావాల్సింది, ఇంకెప్పుడూ ఈ ఊళ్ళో ఎత్తొద్దు, నీదీ ఎత్తొద్దు, నీ మొగుడిదీ ఎత్తొద్దు అని చెప్పిందంట.

సుంకమ్మకి మొదట కోపమొచ్చింది. తర్వాత తర్వాత భయమేసింది. మూడు నెలలకి, తన పేరు తనకే ఎవరిదో అన్నట్టు తోచడం మొదలైంది. 'కోడలా' అంటే పలికేది, 'ఓమ్మే' అంటే పలికేది. కానీ ఆ పలికేదెవరో తనకే తెలిసేది కాదు. ఓరోజు అత్త ఇంట్లో లేనప్పుడు ఖాళీ నీళ్ళకుండలో మూతి పెట్టి, "సుంకమ్మా" అని తన్ను తనే పిల్చుకుంది. కుండ లోపల్నించి గుమ్మని పలికింది. ఆ ఒక్క పిలుపుకే పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అది ఈరన్న చూశాడు. ఈరన్న మాటలు తక్కువ మనిషి. తేనె కొట్టడం ఆయన పని. తర్వాత ఆమె వంగి పొయ్యి ఊదుతుంటే పక్కన కూచుని, చెవి దగ్గరికొచ్చి, ఊపిరంత మెల్లిగా, "సుంకమ్మా, నేను ఈరన్నని" అన్నాడు. గడప దగ్గర చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాడన్నమాట. సుంకమ్మ నవ్వింది, పొగకి దగ్గింది, మళ్ళీ నవ్వింది. మొగుడి పేరు మాత్రం తను పలకలేదు. మా కాలం దాకా కూడా మొగుడి పేరు నోటితో అనేవాళ్ళం కాదులే.

ఊ? నిద్రపోయారా? లేదుగా. ఇక్కడ్నించి దుప్పటి కప్పుకోండి మరి.

ఎండలు ముదిరిన రోజులు. ఈరన్న తెల్లారగట్టే తేనెకి బయల్దేరాడు. సుంకమ్మ సద్ది కట్టింది. రెండు జొన్నరొట్టెలు, వేరుశెనక్కాయల పొడి. ఆ రెండు రొట్టెల మధ్యన, అత్త చూడకుండా, చిన్న బెల్లంముక్క దాచింది. మధ్యాహ్నం మూట విప్పితే ఆశ్చర్యపోతాడని.

మధ్యాహ్నమైంది, రాలేదు. పొద్దు వాలింది, రాలేదు. గొడ్లొచ్చాయి, మేకలొచ్చాయి, కట్టెలకి పోయినవాళ్ళొచ్చారు. ఈరన్న రాలేదు. కంప మూసే వేళయింది. ఇంకాస్త చూడండని సుంకమ్మ ఊరివాళ్ళని బతిమాలింది. వాళ్ళు తల తిప్పుకుని కంప లాగేశారు.

గురవమ్మ తలుపు గడియ పెట్టి, గోడకి చేరగిలబడి కూచుంది. ఏడవలేదు. గుడిసెలో ఓ మూల అంబలి కుండ, మూడ్రోజుల నాటిది, బాగా పులిసి బుస్‌మంటూ పొంగుతోంది. సుంకమ్మ మర్నాటి రొట్టెలకి జొన్నపిండి జల్లిస్తోంది. ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు నిలవడం లేదు మరి.

సందె చీకటి పడింది. పిట్టల కూతలాగాయి. పురుగుల రొదాగింది. ఊళ్ళో కుక్కలు ఒక్కటొక్కటే లేచి, మొరగకుండా, తోకలు ముడుచుకుని గోడల పక్కకి పోయాయి.

తలుపవతల, అంత దగ్గర్నించి, పిలుపు వినిపించింది.

"సుంకమ్మా. నేను ఈరన్నని."

సుంకమ్మ చేతిలో జల్లెడ కింద పడింది. అచ్చం ఆయన గొంతే. ప్రాణం లేచొచ్చినట్టయి తలుపు దగ్గరికి పరిగెత్తింది. గురవమ్మ వెనకనించి కోడలి కొంగు పట్టుకుని లాగి కింద కూలేసింది.

"పలకొద్దు. పేరెత్తొద్దు. నా బిడ్డ పోయినాడు. అది వచ్చింది" అని గుసగుసగా అంది.

"ఆయన గొంతే అత్తా..."

"గొంతుకేం, గొంతు ఎవరిదైనా వస్తుంది దానికి. మూడు సందెలు వస్తుంది. మూడు సందెలూ పలక్కుండా కూచో. నేను కూచోలేదా?"

అప్పుడు చెప్పింది గురవమ్మ, అంతవరకూ ఎవరికీ చెప్పని మాట. పన్నెండేళ్ళ కిందట వాళ్ళాయన మాలకొండయ్య చింతపండుకి పోయి తిరిగి రాలేదు. మర్నాడు సందెవేళ వచ్చి ఇదే తలుపు ముందు నిలబడ్డాడు. నిలబడింది ఆయన కాదులెండి, అది. 'గువ్వా' అని పిలిచింది. ఆ పేరు ఆయన ఒక్కడే, అదీ ఎవరూ లేనప్పుడే పిలిచేవాడు. మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగింది. బిడ్డకి పాల పళ్ళు ఊడుతున్నాయి, ఇంటి చూరులో పడెయ్యమని చెప్పింది. దూలం సందులో నీకోసం గాజులు దాచాను, చూడలేదా అంది. మర్నాడు పొద్దున చూస్తే నిజంగానే ఉన్నాయంట అక్కడ, ఆరు ఆకుపచ్చ గాజులు. మూడు సందెలు గురవమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, ఈరన్నని ఒళ్ళో అదుముకుని, పలక్కుండా కూచుంది. ఆ మాటలన్నీ మొగుడివే. అడిగే నోరు మాత్రం వేరే.

తలుపవతల మళ్ళీ, "సుంకమ్మా. నేను ఈరన్నని."

అదే మాట. అదే సాగదీత. ఎక్కడ ఊపిరి తీసుకుందో మళ్ళీ అక్కడే తీసుకుంది.

సుంకమ్మ ఏడుస్తూనే వింటోంది. వింటూ వింటూ ఏడుపాపింది. ఆవిడ బుర్రలో ఏదో తట్టింది. చూడండీ, భయం ముంచుకొచ్చినప్పుడు కూడా చెవులు మూసుకోకుండా వినేవాళ్ళుంటారే, వాళ్ళే తెలివైనవాళ్ళు.

మెల్లిగా తలుపు దగ్గరికి పాకింది. పేరెత్తకుండా, "సద్దిమూటలో రొట్టెల మధ్య నేనేం పెట్టినాను?" అని అడిగింది.

అవతల్నించి కాసేపటికి, "నేను ఈరన్నని."

"మనింట్లో నల్లమేక ఎన్ని పిల్లల్ని పెట్టింది?"

"సుంకమ్మా."

సుంకమ్మ గిరుక్కున తిరిగి అత్త రెండు చేతులూ పట్టుకుంది. మామకి జరిగినప్పుడు మనసులో మాటలన్నీ దానికొచ్చాయన్నావే, తిన్నవాళ్ళవన్నీ తెలుస్తాయన్నావే, మరి దీనికి బెల్లంముక్క సంగతి తెలీదు, మేకపిల్లల సంగతి తెలీదు, రెండంటే రెండే మాటలు తెలుసు, ఈ రెండు మాటలూ ఎక్కడో విని నేర్చుకొచ్చింది, ఆయన్ని తినలేదత్తా, ఆయన బతికే ఉన్నాడు అని గబగబా చెప్పేసింది.

గురవమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆశ పడ్డానికి భయపడింది.

అయితే బతికుంటే మటుకు ఏం? ఎక్కడో అడివిలో ఉన్నాడు. ఇది ఇక్కడ తలుపు తియ్యరని తెలుసుకుంటే తిరిగి ఆయన దగ్గరికే పోతుంది. పోనివ్వకూడదు. పోనిచ్చినా ఇలా పోనివ్వకూడదు. సుంకమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. తలుపుకి అటు అది, ఇటు తను. మధ్యన వెదురు తడిక. తడిక సందుల్లోంచి దాని ఊపిరి వేడిగా తగులుతోంది. ఆ ఊపిరి వాసన, అమ్మో, మూలనున్న అంబలి కుండ మూత తీసి మూతి మీద పెట్టినట్టుంది. పులిసిన వాసన. ముక్కులదిరిపోయే పులి వాసన. పులుపుని పులి అనే అనేవాళ్ళు అప్పట్లో.

ఇన్నేళ్ళుగా ఆ ఊరివాళ్ళు దాన్ని వెళ్ళిపొమ్మన్నారు, చచ్చిపొమ్మన్నారు, లోపల దాక్కుని దేవుడికి మొక్కుకున్నారు. దాన్ని ఒక్క మాట మాత్రం ఎవరూ అడగలేదు. సుంకమ్మ అడిగింది.

"ఆ పేరు మా ఆయనది. దాన్ని ఆయనకిచ్చెయ్యి. నీ పేరేంది?"

జున్నూ, ఊ కొట్టు తల్లీ. భయమేస్తే నా చెయ్యి పట్టుకో.

అవతల ఊపిరాగింది. తర్వాత ఏదో బరువైనది తడికకి ఒరిగింది. వెదుళ్ళు కిర్రుమన్నాయి. లోపలికి విరుగుతాయేమో అనుకుంది గురవమ్మ. విరగలేదు. సుంకమ్మ వంగి సందులోంచి చూసింది. ఓ చెవి. గుండ్రంగా, అరచేయంత చెవి. వెనకంతా నల్లటి నలుపు. తడికకి ఆనించి పెట్టి వింటోంది. బారసాలప్పుడు బిడ్డ చెవి తల్లి దగ్గరికి తిప్పి పెడతామే, అట్లా.

ఎంత క్రూరమైనదైనా సరే, నీ పేరేందని అడిగితే చెప్పడానికేమీ లేకపోతే ఎట్లా ఉంటుందో సుంకమ్మకి తెలుసు. కుండలో మూతి పెట్టి పిల్చుకున్న మనిషి కదా.

జల్లించిన జొన్నపిండిలో వేలు ముంచింది. గురవమ్మ వద్దు వద్దని చేత్తో సైగ చేస్తూనే ఉంది. సుంకమ్మ ఆ వేలు తడిక సందులోంచి బయటికి పెట్టింది. పెడితే ఆ వేలు మిగులుతుందో పోతుందో తెలీదు. ఆ నల్లటి చెవి వెనక తెల్లగా బొట్టు పెట్టింది. చెవి ఒక్కసారి వణికింది. అంతే, కదల్లేదు. సుంకమ్మ నోరు సందుకి ఆనించి, బిడ్డ చెవిలో చెప్పినట్టు మూడుసార్లు చెప్పింది.

"పులి. పులి. పులి."

ఏం పేరు పెట్టాలా అని ఆలోచించే తీరికెక్కడిది చెప్పండి? ముక్కుకేది తగిలిందో నోటికదే వచ్చింది. అంబలి పులి, ఊపిరి పులి, అది పులి.

మొదటిసారికి అది ఈరన్న గొంతుతోనే, "పులి" అని అంది. రెండోసారికి ఎవరిదో ఆడమనిషి గొంతుతో అంది. మూడోసారికి ఏ మనిషిదీ కాని గొంతు, దాని సొంత గొంతు, దాని కడుపు లోతుల్లోంచి వచ్చింది. గాండ్రింపు. అంతకు ముందు ఆ అడివి ఎన్నడూ వినని చప్పుడు. చూరులో మట్టి రాలింది. కొండ, కొండ వెనక కొండ, రెండూ తిరిగి పలికాయి.

సొంత పేరొచ్చాక, ఇక ఇతరుల పేర్లు ఎక్కడ నిలుస్తాయి? ఒక్కొక్కటే బయటికి వచ్చేశాయి. గాలిలో, తలుపు ముందునించి, ఊళ్ళోకి. "ఎంగళప్ప" అందొక గొంతు, పోయింది. "రామక్క" అందొకటి, పోయింది. "ముసలన్న." "పెద్ద ఓబులేసు." "సాలమ్మ." పిలుపులు కావవి. ఎవర్నీ తలుపు తియ్యమనలేదు. తమ పేరు తాము ఒక్కసారి చెప్పుకుని వెళ్ళిపోయాయి. ముప్పై గుడిసెల్లో జనం చీకట్లో లేచి కూచుని విన్నారు. ఎంగళప్ప మేనత్త లేచి నిలబడి గట్టిగా, ఎన్నో ఏళ్ళ తర్వాత, "ఎంగళప్పా" అని ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కగుడిసెలో, ఆ పక్కగుడిసెలో.

"మాలకొండయ్య" అని వినిపించింది.

గురవమ్మ లేచి తలుపు దగ్గరికొచ్చింది. తడిక మీద చెయ్యి ఆనించి, "పోయిరా మాలకొండయ్యా. పిల్లోడు బాగుండాడు. కోడలు మంచిది" అంది. పన్నెండేళ్ళుగా నోట్లో కుక్కుకున్న కొంగు ఇప్పటికి తీసినట్టయిందంట ఆవిడకి.

ఆఖరున ఈరన్న పేరొచ్చింది. ఆ పేరు మిగతావాటిలా పోలేదు. గడప దగ్గరే కాసేపుండి, అడివి వైపుకి, ఎక్కడ ఉండాలో అక్కడికి మళ్ళింది.

తెల్లారింది. గడప ముందు మట్టిలో పళ్ళెమంతేసి అడుగులున్నాయి. అవి కొండ పక్కకి పోయాయి, ఈరన్న పోయిన దారికి కాదు. సుంకమ్మ కంప తీయించి ముందు నడిచింది. వెనక గురవమ్మ, ఆ వెనక డప్పులు పట్టుకుని ఊరు ఊరంతా. పిలవాలంటే పేరు పెట్టి పిలవాలి. మొగుడి పేరాయె. సుంకమ్మ సిగ్గంతా ఊడ్చి పక్కన పారేసి, వాళ్ళమ్మ మిద్దెక్కి పిలిచినట్టు పిలిచింది.

"ఓ ఈరన్నా..."

ఆ లోయలో ఓ పెద్ద ఏపె చెట్టు. ఆ చెట్టు పైకొమ్మకి తలపాగాతో తన్ను తాను కట్టేసుకుని ఈరన్న కూచుని ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు. మాట వినబడింది కానీ పలకలేదు.

ఎందుకు పలకలేదో తెలుసా? నిన్న పొద్దెక్కాక చెట్టు కింద ఏదో తిరగడం విన్నాడు. ఆకుల గుబురు అడ్డం, కనబడలేదు. చెయ్యి జారి మూట కింద పడిపోయింది. రొట్టె కూడా తినలేదు పాపం. పొద్దు వాలేదాకా చూసి చూసి, ఇక ఆశ వదులుకుని, "సుంకమ్మా! నేను ఈరన్నని!" అని ఊరివైపు అరిచాడు. కింద ఆ తిరగడం ఆగిపోయింది. కాసేపటికి చెట్టు మొదట్లోంచి, తన గొంతే, నేర్చుకుంటున్నట్టు మెల్లిగా, "సుంకమ్మా. నేను ఈరన్నని" అంది. మళ్ళీ అంది. మళ్ళీ అంది. బాగా వచ్చాక లేచి ఊరి దారి పట్టింది. ఆ చెట్టు మీద ఆయనకి ఆ చీకటెలా గడిచి ఉంటుందో మీరే అనుకోండి. ఇప్పుడు పెళ్ళాం గొంతు పిలుస్తుంటే ఏమనుకుంటాడు? సుంకమ్మని తినేసి, ఆమె గొంతుతో తనకోసం వచ్చిందనుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సుంకమ్మ కింద నిలబడి చూసింది. పిలిచింది. బతిమాలింది. దిగడే. ఇక ఆవిడకి ఒళ్ళు మండింది. నిన్న పొద్దుట్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నేను, చేటంత చెవిలో వేలు పెట్టొచ్చాను, మీ అమ్మ చూస్తే మనిషి సగమైపోయింది, ఊరంతా డప్పులేసుకుని వచ్చింది, నువ్వక్కడ కొమ్మెక్కి కళ్ళు మూసుకుని కూచుంటావా, తేనె అన్నావు ఏదీ తేనె, ముంతేదీ, నా కొత్త ముంత ఎక్కడ పారేసినావు, దిగు, దిగుతావా నన్నెక్కమంటావా, ఎక్కినానంటే మాత్రం... అని ఊపిరి తీసుకోకుండా దులిపేసింది.

ఈరన్న కళ్ళు తెరిచాడు. ఆ తిట్లు ఎవరూ నేర్చుకుని తిట్టగలిగేవి కావు. తలపాగా ముడి విప్పుకోబోతే అది బిగుసుకుపోయి రాలేదంట. ఇద్దరెక్కి దింపారు. దిగి నేల మీద కూలబడి, అందరి ముందరా, గట్టిగా, "సుంకమ్మా" అన్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి పట్టుకుని ఏడుస్తుంటే అప్పటికి, అప్పటికి సుంకమ్మ కూడా కూచుని ఏడ్చింది.

ఊ.

ఆ నెలలో మద్దులపెంటలో బారసాలలే బారసాలలు. పాకే బిడ్డల దగ్గర్నించి మీసాలొస్తున్న వాళ్ళదాకా, పేరు లేనివాళ్ళందరికీ పేర్లు పెట్టారు. పోయినవాళ్ళ పేర్లన్నీ తిరిగొచ్చాయి. ఊళ్ళో ముగ్గురు మాలకొండయ్యలయ్యారు. సందెవేళయితే చాలు, ముప్పై గుడిసెల ముందూ తల్లులు నిలబడి పిల్లల్ని పేరు పేరునా పిలవడమే. పొట్టిదానా నల్లోడా అన్న మాటే లేదు.

మరి పులి? పులి అడివిలోనే ఉంది. మంచిదైపోయిందని నేను చెప్పను. దాని తిండి దానిది, దాని దారి దానిది. కానీ ఆ తర్వాత ఎవరి గొంతుతోనూ ఎవరి గడప దగ్గరికీ రాలేదు. వస్తే పులిగానే వచ్చింది, పులిలాగే గాండ్రించింది. వచ్చిందేదో తెలిస్తే మనుషులు డప్పు కొట్టగలరు, మంట వెయ్యగలరు, చెట్టెక్కగలరు. ఇప్పటికీ దాని చెవి వెనక తెల్లబొట్టుంటుంది, పొద్దున ఆ పుస్తకంలో చూసుకో. పులిసిన పిండికీ పులిహోరకీ పులికీ మొదట్లో అవే రెండక్షరాలు, అది కూడా రాసి చూసుకో.

ఇంకోటి. మా నాయనమ్మ అడివి దారిలో పోయేటప్పుడు ఆ పేరెత్తేది కాదు. 'పెద్దాయన' అనేది. ఎందుకే అంటే, పేరున్నది ఏదైనా పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది కదే అనేది. సరేలే, మనం అడివిలో లేం, ఇంట్లో ఉన్నాం.

కాబట్టి తల్లులూ, దేనికైనా భయమేసిందనుకోండి, 'అదీ, అదీ' అంటూ దుప్పట్లో ముడుచుకోకండి. అదేంటో పేరు పెట్టి అమ్మకి చెప్పండి, నాకు చెప్పండి. ఎవరైనా ఎదురైతే పేరడగండి, చెప్పిన పేరుతో పిలవండి. పనిమనిషీ, వాచ్‌మనూ అని కాదు, వాళ్ళకీ పేర్లున్నాయి.

ఈరన్నా సుంకమ్మా తేనె కొట్టుకుని, పిల్లల్ని కని, గురవమ్మ చేత పేర్లు పెట్టించుకుని చల్లగా ఉన్నారు. ఇక కథేమో నడుచుకుంటూ కంచి దారి పట్టింది, మనమేమో హాయిగా మనింట్లో, మన పక్క మీదున్నాం. లల్లీ? జున్నూ? ఊ కొట్టేవాళ్ళెవరూ లేరే. పడుకోండి, పడుకోండి.